ఎదురుగాలిలో వదినగారి పందెం

విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద చలికాలంలో జరిగే ఒక హాఫ్ మారథాన్ ఈసారి బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్న రోజున పడింది. వాన లేదు గాని ఈశాన్యం నుంచి గాలి ఆగకుండా వీచింది. ఆర్కే బీచ్ దగ్గర మొదలై, ఋషికొండ వైపు వెళ్లి, అదే దారిన తిరిగొచ్చే పరుగది. వెళ్లేటప్పుడు సూటిగా మొహం మీదికే గాలి. అందులో పరుగెత్తినావిడకి అరవై ఒకటి, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆవిడతో వాదనకి దిగినాయన మరిది, పోర్టులో క్రేన్ల దగ్గర పనిచేసి ఈ మధ్యే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాడు. ఇద్దరూ నాకు బాగా తెలిసినవాళ్లు. భోజనాల దగ్గర మొదలై సాయంత్రం టీ దాకా సాగిన మాటల్లో పనికొచ్చేవి ఇక్కడ పెడుతున్నాను. మధ్యలో వంకాయ కూరలో కారం గురించి వచ్చిన తగువు వేరే వ్యాసం.

మరిది: పోర్టులో ఇలాంటి రోజుల్లో మేం క్రేన్ మీది గాలి మీటరు వైపే చూస్తూ కూర్చునేవాళ్లం వదినా. కాస్త పెరిగిందంటే బూమ్ ఎత్తేసి, క్రేన్‌ని పట్టాలకి బిగించి దిగిపోవడమే. వందల టన్నుల ఇనుముకే అంత జాగ్రత్త. మీరేమో యాభై కిలోల మనిషి, తెల్లారకుండానే బిబ్ నంబరు తగిలించుకుని బయల్దేరారు. 2020 అక్టోబరులో తెన్నేటి పార్కు దగ్గర బంగ్లాదేశ్ ఓడ ఒడ్డెక్కింది గుర్తుందా? లంగరు వేసుకుని ఉన్న ఓడ. అల్పపీడనం గాలికే కదా లంగరు ఈడ్చుకుంటూ వచ్చేసింది!

వదిన: గుర్తులేకేం, ఊరంతా వెళ్లి ఫొటోలు దిగింది. ఆ గాలి వేరు, ఇవాళ్టి గాలి వేరు. హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లం మనం. 2014 అక్టోబరు 12న గంటకి 180 కిలోమీటర్ల పైచిలుకు వీస్తే కైలాసగిరి పచ్చదనం ఒక్క పూటలో పోయింది. ఇవాళ్టిది ఇరవై, విసురుగా వచ్చినప్పుడు పాతిక. అదీ వాతావరణ శాఖ వాళ్లు పది మీటర్ల ఎత్తున కొలిచేది. నా ఎత్తున ఇంకా తక్కువ. నా ఎత్తెంతో నీకు తెలుసుగా.

మరిది: తక్కువే అనుకుందాం. కానీ గాలి పెట్టే నిరోధం వేగం పెరిగినంతే పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. మీరు గంటకి పది కిలోమీటర్ల వేగంతో పరుగెడుతున్నారు అనుకోండి. గాలి లేని రోజున మీ ఒంటికి తగిలేది పది కిలోమీటర్ల గాలి. ఆ నిరోధాన్ని ఒకటి అనుకుందాం. ఎదురుగా ఇరవై వీస్తే తగిలేది ముప్ఫై. మూడు రెట్ల వేగం, తొమ్మిది రెట్ల నిరోధం. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది, చెల్లుకి చెల్లు అంటారు మీ వాళ్లు. తోసేదెంత? ఇరవైలో మీ పది పోగా మిగిలిన పది. అంటే ఒక్క పాలు. గాలి లేని రోజుతో పోలిస్తే వెళ్లేటప్పుడు ఎనిమిది పాళ్లు ఎక్కువ కట్టారు, వచ్చేటప్పుడు రెండు పాళ్లు తిరిగొచ్చాయి. ఇలాంటి లోను బ్యాంకులో ఎవరైనా అడిగితే శాంక్షన్ చేసేవారా?

వదిన: చెయ్యను. అందుకే టైము కోసం పరుగెత్తలేదు. నీ లెక్క నాకే పనికొస్తుంది అబ్బాయ్. గాలి ఉన్న రోజున టైముకి అర్థం లేదని నువ్వే తేల్చావు. నేను పొద్దున్నే గార్మిన్ గడియారంలో పేస్, అంటే కిలోమీటరుకి పట్టే టైము, కనపడకుండా చేసేసి, గుండె వేగం ఒక్కటే ఉంచుకున్నాను.

మరిది: టైము వదిలేస్తే రోడ్డు పరుగులో ఇంకేం మిగిలింది?

వదిన: మనుషులు. ముందున్నవాళ్లు, వెనకున్నవాళ్లు. బోస్టన్ మారథాన్ సంగతి చూడు. 2011లో అక్కడ వెనకగాలి దొరికింది. జెఫ్రీ ముటాయ్ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో వచ్చేశాడు. అప్పటి ప్రపంచ రికార్డు హైలే గెబ్రెసెలాసీ బెర్లిన్‌లో పెట్టిన 2:03:59. ముటాయ్‌ది దానికంటే దాదాపు నిమిషం తక్కువ, అయినా రికార్డుగా రాసుకోలేదు. బోస్టన్ దారి ఒక ఊళ్లో మొదలై ఇంకో ఊళ్లో ముగుస్తుంది. రికార్డుకి పనికిరావాలంటే మొదలుకీ చివరికీ మధ్య ఎడం పందెం దూరంలో సగానికి మించకూడదు, దిగుడు కిలోమీటరుకి మీటరు దాటకూడదు. వంద మీటర్ల పరుగుకి వెనకగాలి సెకనుకి రెండు మీటర్లు దాటితే రికార్డు లేదు, రోడ్డు పరుగుకి గాలి కొలిచే పద్ధతే లేదు. దారిని కట్టడి చేసి ఊరుకున్నారు. ఇంక 2018. అదే బోస్టన్, అదే దారి. ఈసారి ఎదురుగాలి, కుండపోత, ఎముకలు కొరికే చలి. యూకీ కవౌచి 2:15:58కి గెలిచాడు. ముటాయ్‌కీ ఇతనికీ దాదాపు పదమూడు నిమిషాల తేడా. ఇద్దరిలో ఎవరి పరుగు గొప్పదంటావ్?

మరిది: కవౌచికి అప్పుడు ముప్ఫై ఒకటి. మీకు అరవై ఒకటి.

వదిన: ఆ పందెం మధ్యలో వదిలేసిన పేరున్నవాళ్లు కూడా ఆ వయసు వాళ్లేగా. వాళ్లంతా పరుగే వృత్తిగా ఉన్నవాళ్లు. ఇతను సైతామాలో ప్రభుత్వ ఉద్యోగం చేసుకుంటూ, ఆఫీసు వేళలు పోగా మిగిలిన టైములో పరుగెత్తేవాడు. ఆడవాళ్లలో రెండో స్థానం ఎవరికో తెలుసా? సారా సెల్లర్స్ అని ఆస్పత్రిలో మత్తు ఇచ్చే నర్సు. ప్రశాంతంగా ఉన్న రోజున ఆవిడ ఆ వరసలో ఉండేది కాదు. గాలి ఫలితాల పట్టికని తారుమారు చేసేస్తుంది. మా వయసు వాళ్లకి దొరికే సందు అదే.

మరిది: అంటే ఒప్పుకుంటున్నారన్నమాట, అదృష్టమని.

వదిన: అదృష్టం కాదయ్యా, ఓపిక. ఇవాళ మొదటి అయిదు కిలోమీటర్లూ కుర్రాళ్లు నన్ను దాటి వెళ్తూనే ఉన్నారు. వాళ్ల కళ్లు చేతి గడియారం మీద. ఆరు నిమిషాలకి కిలోమీటరు అని ఇంట్లో రాసుకొచ్చారు, గాలి ఉన్నా లేకపోయినా ఆరే. జోడుగుళ్లపాలెం దాటాక ఎక్కుడు. ఎక్కుడూ గాలీ కలిసొచ్చేసరికి కొందరు నడక మొదలెట్టారు. నేను మామూలు కంటే చాలా నెమ్మదిగా వెళ్లాను, కావాలనే. ఊపిరి ఎంత తీస్తున్నానో చూసుకున్నాను, అంతే. మలుపు తిరిగాక ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చాను. మొదట్లో నేను కూడా గడియారాన్ని నమ్మినదాన్నే.

మరిది: అంటే మీ గెలుపు కుర్రాళ్ల తొందరపాటు మీద ఆధారపడింది.

వదిన: ఎవరి గెలుపైనా అవతలివాడి పొరపాటు మీదే ఆధారపడుతుంది. చదరంగంలో ఇది అడగవు, నా దగ్గరే అడుగుతావు.

(ఇక్కడ మరిది నవ్వేశాడు. కానీ అసలు ఆయుధం ఆయన ఇంకా బయటికి తియ్యలేదు.)

మరిది: సరే, ఇది చెప్పండి. సాగర్ నగర్ దగ్గర నేను స్కూటర్ ఆపుకుని చూశాను. నీలం బనీను వేసుకున్న పొడుగాటి కుర్రాడి వీపుకి అతుక్కుని వస్తున్నారు. వాడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే మీరు చాటున. ఒకడి కష్టం మీద ఇంకొకరు పరుగెత్తడం పందెమా? ట్రయథ్లాన్‌లో సైకిల్ తొక్కేటప్పుడు ఇలా వెనక దాక్కుంటే జరిమానా వేస్తారు.

వదిన: మామూలు వాళ్ల ట్రయథ్లాన్‌లలో వేస్తారు, నిజమే. రోడ్డు పరుగులో అలాంటి నియమం లేదు. ఎందుకు లేదంటే, పరుగుపందెం మొదట్నుంచీ గుంపులో జరిగేదే. గ్రిఫిత్ ప్యూ అని ఒకాయన, 1953లో ఎవరెస్టు ఎక్కిన బ్రిటిష్ బృందంతో శరీరధర్మ శాస్త్రవేత్తగా వెళ్లినాయన, 1971లో దీని మీద వ్యాసం అచ్చువేశాడు. గాలి వీచే గదిలో ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి ఊపిరి కొలిచాడు. ముందు మనిషికి మీటరు వెనక ఉంటే గాలి నిరోధం దాదాపు 80 శాతం తగ్గుతుందని తేల్చాడు.

మరిది: ఆ లెక్క గంటకి ఇరవై కిలోమీటర్ల పైన పరుగెత్తేవాళ్లకి. మీ వేగానికి గాలి నిరోధం లెక్కలోకే రాదు.

వదిన: గాలి లేనప్పుడు రాదు. ఇవాళ నాకు తగిలింది ముప్ఫై అని నువ్వే చెప్పావుగా! నా కాళ్లు ఎంత నెమ్మదిగా పడుతున్నా, ఒంటికి తగిలే గాలి ఆ వేగంగా పరుగెత్తేవాళ్లకి తగిలే దానికంటే ఎక్కువ. పైగా వాళ్లు గంటలో ముగించే దూరానికి నాకు రెండు గంటల పైన పడుతుంది. చాటు నాకే ఎక్కువ అవసరం.

మరిది: అవసరం ఉంటే న్యాయం అయిపోతుందా? 2019లో వియన్నాలో కిప్చోగె మారథాన్ దూరాన్ని 1:59:40కి పరుగెత్తినా రికార్డు ఇవ్వలేదు కదా. చుట్టూ మనుషుల్ని పెట్టుకుని గాలి తగలకుండా వచ్చాడు.

వదిన: చాటున వచ్చాడని కాదు ఇవ్వనిది. అది పందెమే కాదు, పైగా వేగం నిలబెట్టడానికి ముందు పరుగెత్తే పేసర్లు వంతులవారీగా మధ్యలో దిగుతూ ఎక్కుతూ ఉన్నారు. నేను ఎవరి వెనక పరుగెత్తానో ఆ కుర్రాడు నాతో పాటే మొదలెట్టాడు, నాతో పాటే అలిసిపోయాడు. అదీగాక నేను అడిగాను. "బాబూ, వంతులేసుకుందామా?" అంటే తలూపాడు. కొంతసేపు వాడు ముందు, కొంతసేపు నేను ముందు.

మరిది: మీ వెనక వాడికేం చాటు దొరికింది వదినా! వాడి ఛాతీ దాకా కూడా రారు మీరు.

వదిన: దొరకలేదు, పాపం. అయినా నా వంతు నేను చేశాను. చాటున ఉన్నవాళ్లకి కొన్ని మర్యాదలుంటాయి. ముందువాడి మడమ తొక్కకూడదు, వాడికి చెప్పకుండా చివరి వంద మీటర్లలో దాటేసి పోకూడదు, నీళ్ల దగ్గర ఇంకో గ్లాసు తీసి అందించాలి. గాలి పక్క నుంచి కొడితే తిన్నగా వెనక ఉంటే లాభం లేదు, కొంచెం పక్కకి జరిగి ఏటవాలుగా ఉండాలి. సముద్రపు గాలి ఎండెక్కాక అలాగే కొడుతుంది. ఇదంతా పనితనం కాదా? 2018 బోస్టన్‌లో ఆడవాళ్లలో గెలిచింది డెస్ లిండెన్. ఆ రోజు ఒంట్లో బాగాలేదు, మానేద్దామనుకుంది. నేను ఎలాగూ ఆగిపోతానేమో, కావాలంటే నీకు గాలి అడ్డుకుంటానని తోటి అమెరికన్ షలేన్ ఫ్లానగన్‌తో చెప్పింది. ఫ్లానగన్ మధ్యలో టాయిలెట్ దగ్గర ఆగితే, లిండెన్ వేగం తగ్గించి ఆవిడ కోసం కనిపెట్టుకుని, గుంపు దాకా తీసుకొచ్చింది. ఆ తర్వాత చూసుకుంటే తనే ముందు వరసలో ఉంది. 2:39:54కి గెలిచింది. 1985 తర్వాత అమెరికా ఆవిడ అక్కడ గెలవడం అదే. గాలికి ఎదురు పరుగెత్తినప్పుడు సాయమూ పోటీ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. నువ్వు దాన్ని దొంగతనం అంటున్నావు.

(ఈ వాదనలో వదినగారిదే పైచేయి అని నా అభిప్రాయం. అయితే ఆ నీలం బనీను కుర్రాడు ఏమనుకున్నాడో మనకి తెలీదు. వాళ్లమ్మ వయసావిడ అడిగితే వద్దంటాడా?)

మరిది: సరే, అది వదిలేద్దాం. ఆరోగ్యం మాట. టీఎంటీ, అదే ట్రెడ్‌మిల్ మీద చేసే గుండె పరీక్ష, చేయించుకుని ఎన్నాళ్లయింది?

వదిన: ...పోయినేడాది చేయించుకోవాల్సింది.

మరిది: అదీ సంగతి. వయసు పెరిగేకొద్దీ పదేళ్లకి సుమారు పది శాతం చొప్పున ఆక్సిజన్ వాడుకునే శక్తి తగ్గిపోతుంది. సాధన చేస్తే తగ్గేది నెమ్మదిస్తుంది, ఆగదు. గాలి రోజున గుండె మీద భారం ఎక్కువ. గుండె వేగం చూసుకుంటున్నానంటారు, ఆ గుండెని డాక్టరుకి చూపించరు.

వదిన: ఈ వారంలో వెళ్తాను. ఇంకేమైనా ఉందా?

మరిది: ఉంది. నడవండి, నెమ్మదిగా పరుగెత్తండి, ఎవరు కాదన్నారు? ఆర్కే బీచ్ పొద్దున్నే నడిచేవాళ్లతో నిండిపోయి ఉంటుంది. పోటీ ఎందుకని? అరవై దాటాక ఎవరిని ఓడించాలని?

వదిన: అన్నావూ, అసలు మాట! నేను డిగ్రీ చదివే రోజుల్లో, 1984 దాకా, ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి 1500 మీటర్లే పెద్ద పరుగు. అంతకు మించితే ఒళ్లు తట్టుకోదని మగాళ్లే తేల్చేశారు. 1984లో మారథాన్ పెడితే జోన్ బెనాయిట్ గెలిచింది, ఆవిడ ఒళ్లేమీ పాడవలేదు. అప్పుడు ఆడదానివి ఎందుకన్నారు, ఇప్పుడు ముసలిదానివి ఎందుకంటున్నారు. నాకు పోటీ కుదిరింది యాభై దగ్గర పడ్డాకే. ఇప్పుడు మానెయ్యమంటే ఎలా? ఎడ్ విట్లాక్ అని కెనడా ఆయన ఉండేవాడు. డెబ్బై దాటి మూడు గంటల్లోపు మారథాన్ చేసిన మొదటి మనిషి. 73 ఏళ్లప్పుడు, 2004లో, టొరంటోలో 2:54:48. ఇంటి దగ్గరున్న శ్మశానం చుట్టూ గంటల తరబడి తిరిగి సాధన చేసేవాడు. ఆ సాధన తనకేమంత ఇష్టం కాదనీ, ఇష్టమైంది పందెమేననీ మొహమాటం లేకుండా చెప్పేవాడు. ఎనభై అయిదులో కూడా నాలుగు గంటల్లోపే వచ్చాడు. ఆయన్ని ఎందుకు పోటీ పడుతున్నావని ఎవరూ అడగలేదు.

మరిది: ఆయన రికార్డులు కొట్టాడు కాబట్టి అడగలేదు. మిమ్మల్ని అడుగుతాను. ఇవాళ మీ స్థానం ఎంత?

వదిన: వెటరన్ ఆడవాళ్లలో ఆరు.

మరిది: ముందున్న అయిదుగురి వయసులు?

వదిన: ఒకావిడ నలభై ఆరు. ఇంకో ఇద్దరు యాభై లోపే. మిగిలిన ఇద్దరు యాభై రెండు, మూడు. నలభై అయిదు దాటిన ఆడవాళ్లందరినీ ఒకే గంపలో వేశారు. మా అమ్మాయి కంటే కాస్త పెద్దామెతో నాకు పోటీ.

మరిది: చూశారా! టైముకి అర్థం లేదన్నారు, స్థానమే ముఖ్యమన్నారు. తీరా ఆ స్థానానికీ అర్థం లేదు. రెండు వైపులా పోయింది మీ వాదన.

వదిన: వాదన పోలేదు, పట్టికే తప్పుగా గీశారు. ప్రపంచ మాస్టర్స్ అథ్లెటిక్స్‌లో ముప్ఫై అయిదు నుంచి మొదలెట్టి అయిదేళ్లకో విభాగం. అరవై నుంచి అరవై నాలుగు ఒకటి, తర్వాతది ఇంకొకటి. బోస్టన్‌లో పేరు నమోదుకి అర్హత టైములు కూడా అలాగే. అలా పెడితే ఇవాళ నా పోటీ నా ఈడు వాళ్లతో.

మరిది: అలా పెడితే మీ విభాగంలో ముగ్గురుంటారు, ముగ్గురికీ పతకాలు. వచ్చినవాళ్లందరికీ బహుమతి అంటే అది పోటీ కాదు, పేరంటం.

వదిన: ముగ్గురుంటే ముగ్గురిలోనే మూడోదాన్ని అవుతాను, అది పట్టికలో కనపడుతుంది. అందులో సిగ్గేముంది? నాకు పతకం వద్దు, నగదు అసలే వద్దు. నా ఈడు వాళ్లు ఎవరెవరు ఆ గాలిలో పరుగెత్తారో, ఎవరు నాకంటే ముందున్నారో తెలిస్తే చాలు. వచ్చే ఏడాది వాళ్లని వెతుక్కుంటాను. పేరంటమైతే ఎవరు ముందొచ్చారో ఎవరూ రాయరు.

మరిది: సంఖ్య లేని చోట పోటీ ఉండదన్నది నా మాట. అది మార్చుకోను.

వదిన: విభాగం లేకపోతే సంఖ్య ఎక్కడి నుంచి వస్తుంది? అరవై దాటినావిడ, నలభై ఆరు ఏళ్ల వాళ్లతో కలిపి ఆరోదాన్నని చూసుకుని వచ్చే ఏడాది పేరు ఎందుకు ఇస్తుంది? నాలాంటి మొండివాళ్లు తప్ప.

టీ అయిపోయింది. ఇద్దరూ ఒక మాట మీదికి రాలేదు, రావాలని నేనూ అనుకోలేదు. టీఎంటీ విషయంలో నేను పూర్తిగా మరిది వైపు. అరవై దాటి పందేనికి దిగే ఎవరైనా డాక్టరు పరీక్ష లేకుండా దిగకూడదు, గాలి ఉన్నా లేకపోయినా. గాలి లెక్కలోనూ ఆయన చెప్పింది సరైనదే. వెళ్లి రావడంలో గాలి చెల్లుకి చెల్లు అవుతుందన్న నమ్మకం పరుగెత్తేవాళ్లలో గట్టిగా ఉంది, అది తప్పు. మిగిలిన దానిలో వదినగారి మాటే నిలుస్తుంది. గాలి రోజున టైముకి విలువ లేదంటే, మిగిలేది ఎవరి తర్వాత ఎవరు వచ్చారన్నదే. అది కూడా ఈడు కుదరని వాళ్ల మధ్య లెక్కగడితే పెద్దవాళ్లకి పందెంలో ఏమీ మిగలదు.

కాబట్టి మన ఊళ్లలో రోడ్డు పరుగులు జరిపేవాళ్లకి ఒక విన్నపం. బహుమతులు ఎన్ని ఇస్తారో మీ ఇష్టం, మీ దగ్గరున్న డబ్బు ఇష్టం. ఫలితాల పట్టికలో మాత్రం నలభై అయిదు దాటినవాళ్లందరినీ ఒక్క 'వెటరన్' కింద కుక్కకుండా అయిదేళ్లకో వరస వెయ్యండి. ఆ రోజు గాలి ఎటు నుంచి ఎంత వీచిందో పైన ఒక్క ముక్క రాయండి. దీనికి కొత్తగా ఖర్చేమీ లేదు: పేరు నమోదు చేసుకునేటప్పుడే అందరి పుట్టిన తేదీ మీరు తీసుకుంటున్నారు.